ఇరునుడుల పాటలు: రాయచూరు సరిహద్దు ఇళ్ళలో వినిపించే పాత పాటల వెనుక కథలు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు సీమను చరిత్రకారులు అంతర్వేది అని వ్యవహరిస్తారు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం విభజితమైనప్పుడు రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరింది. అదే జిల్లాలో భాగంగా ఉండిన గద్వాల, ఆలంపూరు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. గీత పటం మీద పడింది గాని, వియ్యాలకూ కయ్యాలకూ అడ్డు రాలేదు. తరువాత తుంగభద్ర ఎడమ కాలువ నీరు సింధనూరు, మాన్వి ప్రాంతాలకు పారడంతో కోస్తా జిల్లాల నుండి రైతు కుటుంబాలు తరలివచ్చి క్యాంపులు కట్టుకొని స్థిరపడ్డాయి. ఈ విధంగా ఒకే ఇంటిలో అమ్మమ్మ తెలుగు పాట, మనుమడు కన్నడ పాట పాడుకొనడం ఈ సీమలో సర్వసాధారణమైంది.

ఆ పాటలు ఎవరివి? తెలుగువా, కన్నడవా? ఈ ప్రశ్న పెళ్ళి పందిళ్ళలోనూ జాతర ఆర్కెస్ట్రాల వద్దనూ నేటికీ వినవస్తుంది; ఒక్కొక్కప్పుడు వాదన పెరిగి మనసులు నొచ్చుకొనడమూ ఉంది. ప్రసిద్ధమైన కొన్ని పాత పాటలు ఎట్లా పుట్టాయో, వాటి వెనుక ఎవరెవరు ఉన్నారో తెలిసికొంటే ఈ ప్రశ్నకు సమాధానం అంత సులభం కాదని బోధపడుతుంది.

పాట ఇల్లు చేరిన తోవ

1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖామాత్యులైన బి.వి. కేస్కర్ సినిమా పాటలు శ్రోతల అభిరుచిని చెడగొడతాయని భావించి ఆకాశవాణిలో వాటికి తావు లేకుండా చేశారు. ఫలితంగా దేశం దేశమే రేడియో సిలోన్ వైపు మళ్ళింది. తెలుగు ప్రసారాలలో మీనాక్షీ పొన్నుదురై గారి కంఠం ఆనాటి శ్రోతలకు ఇంటి ఆడపడుచు గొంతువలె పరిచితమైంది. శ్రోతలు చేజారిపోతున్నారని గ్రహించిన ఆకాశవాణి 1957 అక్టోబరు 3న వివిధ భారతిని ప్రారంభించింది. రేడియోకు తపాలా కార్యాలయంలో లైసెన్సు రుసుము చెల్లించవలసిన రోజులవి. ఊరికి ఒకటి రెండు రేడియోలుండేవి. వాటిచుట్టూ ఊరంతా ఉండేది. ఏ కేంద్రం స్పష్టంగా వినబడితే ఆ భాష పాట వినేవారు. సరిహద్దు ఇళ్ళలో రెండు భాషల పాటలు కలిసి స్థిరపడడానికి ఇదొక ముఖ్య కారణం.

పాటలు మూడు, మూడున్నర నిమిషాలే ఉండడానికీ కారణముంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను పళ్ళెంలో ఒక వైపు పట్టేది అంతే. గాయకులు, వాద్యకారులు అందరూ ఒకే గదిలో, ఒకే మారు పాడి వాయించవలసి ఉండేది. చివరి చరణంలో ఒక వయొలిన్ తప్పినా మొత్తం మళ్ళీ మొదటినుండి. నేటివలె ముక్కలు ముక్కలుగా పాడి అతికించే సదుపాయం లేదు. ఆ పాటలలోని నిండుదనానికి ఈ కష్టం కూడ ఒక కారణమని చెప్పవచ్చు.

కాకినాడ గొంతు, గాజనూరు రూపం

కన్నడిగులు ‘అణ్ణావ్రు’ అని ఆప్యాయంగా పిలుచుకొనే డాక్టర్ రాజ్‌కుమార్ 1929లో గాజనూరులో జన్మించారు. తండ్రి సింగానల్లూరు పుట్టస్వామయ్య రంగస్థల నటులు. రాజ్‌కుమార్ గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో పెరిగారు. కంపెనీ నాటకాలలో నటుడు తన పాట తానే పాడుకోవాలి గనుక ఆయనకు గానం కొత్త కాదు. 1954లో హెచ్.ఎల్.ఎన్. సింహ దర్శకత్వంలో వచ్చిన ‘బేడర కణ్ణప్ప’ ఆయనను కథానాయకుణ్ణి చేసింది. ఆ కథ మనకు పరాయిది కాదు. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవిగా ప్రసిద్ధుడైన ధూర్జటి ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం’లో చెప్పిన తిన్నని కథే అది. అదే ఏడు ఆ చిత్రం తెలుగులో ‘కాళహస్తి మహాత్మ్యం’గా వచ్చింది. అందులోనూ కణ్ణప్ప పాత్రధారి రాజ్‌కుమారే. ఆయనకు గొంతునిచ్చినవారు ఘంటసాల వెంకటేశ్వరరావు. రాజ్‌కుమార్ కన్నడేతర భాషలో నటించిన చిత్రం జీవితం మొత్తంలో అదొక్కటే. ఆ ఒక్కటీ తెలుగే కావడం విశేషం.

ఇక పి.బి. శ్రీనివాస్. వీరు 1930 సెప్టెంబరు 22న కాకినాడలో జన్మించారు. కుమారుడు డిగ్రీ చదివి ప్రభుత్వోద్యోగం చేయాలని తండ్రి కోరిక. పిల్లవాడికి సినిమా పాటల పిచ్చి వదలకపోవడంతో తండ్రి ఒక జ్యోతిష్కునికి జాతకం చూపించారనీ, సంగీతంలో రాణించే యోగం లేదని ఆయన తేల్చారనీ, జోస్యాలన్నీ నిజం కావాలని నియమం లేదు గదా అని శ్రీనివాస్ వాదించి తన దారిన తాను వెళ్ళారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కుటుంబానికి ఆప్తులైన వైణికులు ఈమని శంకరశాస్త్రి జెమినీ స్టూడియోలో పనిచేసేవారు. ఆయన ద్వారా 1952లో జెమినీ వారి ‘మిస్టర్ సంపత్’ అనే హిందీ చిత్రంలో శ్రీనివాస్ తొలిసారి గొంతు వినిపించారు.

1960లో వచ్చిన ‘భక్త కనకదాస’ చిత్రంలో కనకదాసుగా రాజ్‌కుమార్ నటించగా, దాసుల పదాలను శ్రీనివాస్ పాడారు. గుడి తలుపు తెరువుమని హరిని వేడుకొనే కనకదాస కీర్తన ఆయన గొంతులో వినని కన్నడ ఇల్లు అరుదు. హరిదాసులంటే రాయచూరు జిల్లాకు సొంత సంగతి. విజయదాసులు మాన్వి తాలూకా చీకలపర్వివారు. ‘హరికథామృతసార’ రచించిన జగన్నాథదాసులు మాన్విలోనే నివసించారు. విజయదాసుల శిష్యులైన గోపాలదాసులు దేవదుర్గ సమీపంలోని మొసరకల్లులో జన్మించి, నేడు తెలంగాణలో ఉన్న ఉత్తనూరులో గడిపారు. ఆ పదాల రుచి తెలిసిన ఊళ్ళలో శ్రీనివాస్ గొంతు సులువుగా కుదురుకొంది.

అక్కడినుండి దాదాపు పదిహేనేండ్లు తెరమీద రాజ్‌కుమార్ పెదవి కదిపితే వినబడింది శ్రీనివాస్ గొంతే. తాను శరీరం, శ్రీనివాస్ శారీరం అని రాజ్‌కుమార్ చెప్పుకొనేవారు. శారీరమంటే సంగీత పరిభాషలో కంఠస్వరం. మంద్రస్థాయిలో, అరుపు లేకుండా, పక్కన కూర్చొని చెప్పినట్లుగా పాడే ఆ పద్ధతి రాజ్‌కుమార్ సౌమ్యమైన నటనకు అతికినట్లు సరిపోయింది. రూపమొకరిది, గొంతొకరిదని తెలియని పల్లెటూరి ప్రేక్షకులు ఎందరో ఉండేవారు.

ఈ జంట విడివడిన కథ కూడ ఒక పాట కథే. 1974లో ‘సంపత్తిగె సవాల్’ చిత్రం కోసం జి.కె. వెంకటేశ్ ఒక హుషారైన పాట స్వరపరచారు. కథానాయకుడు ఎనుము మీదెక్కి పాడే పాట అది. పాట నమోదు చేయవలసిన సమయానికి శ్రీనివాస్ అస్వస్థులయ్యారనీ, వెంకటేశ్ పట్టుబట్టి రాజ్‌కుమార్ చేతనే పాడించారనీ చెబుతారు. రాజ్‌కుమార్ అంతకు ముందు ‘ఓహిలేశ్వర’, ‘మహిషాసుర మర్దిని’ చిత్రాలలో పాడి ఉన్నారు గాని, జనం గమనించింది ఈ ఎనుము పాటనే. అది ఊరూరా మోగింది. ఇక ఆయన తన పాట తానే పాడుకోసాగారు. శ్రీనివాస్‌కు కన్నడంలో అవకాశాలు సన్నగిల్లాయి. ఒక పూట జబ్బు ఇద్దరు కళాకారుల దారులు మార్చింది. రాజ్‌కుమార్‌కు 1992 సంవత్సరపు చిత్రాలలో ‘జీవన చైత్ర’కు ఉత్తమ గాయకునిగా జాతీయ పురస్కారం లభించినప్పుడు ఆ నిర్ణయం సరైనదేనని లోకం ఒప్పుకొంది. అయినను, ఆ పదిహేనేండ్ల పాటలను వదలుకొనడానికి ఏ కన్నడిగుడూ సిద్ధపడడు. శ్రీనివాస్ అనేక భాషలలో కవిత్వం వ్రాస్తూ, మద్రాసులోని ఉడ్‌ల్యాండ్స్ డ్రైవ్ ఇన్ హోటలులో రంగు రంగుల కలాలు జేబునిండా పెట్టుకొని కూర్చొనేవారు. 2013 ఏప్రిల్ 14న కన్నుమూశారు.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు. 1982లో, విద్యాలయాలలో కన్నడానికి ప్రథమ స్థానం ఇవ్వాలన్న గోకాక్ నివేదికను అమలు చేయవలెనని సాగిన ఉద్యమానికి రాజ్‌కుమార్ నాయకత్వం వహించారు. కన్నడిగులకు అది ఆత్మగౌరవ సమస్య. ఇంట తెలుగు మాట్లాడే సరిహద్దు కుటుంబాలకు మాత్రం పిల్లల చదువు ఏమవుతుందోనన్న బెంగ సహజంగానే కలిగింది. నేడు ఆ కుటుంబాలలో తెలుగు పాట నోటికి వచ్చీ, తెలుగు అక్షరం చదువలేని పిల్లలున్నారు. పాటను కన్నడ లిపిలో వ్రాసుకొని తెలుగులో పాడుతారు. ఇది నష్టమా, సర్దుబాటా అన్నది ఎవరికి వారు చెప్పుకోవలసిన మాట. ఆ ఉద్యమ నాయకుని తెరగొంతు ఒకప్పుడు కాకినాడ నుండి వచ్చిందన్నది మాత్రం రెండు పక్షాలవారూ గుర్తుంచుకోదగిన సంగతి.

ఒకే బాణీ, రెండు పాటలు

‘ఎన్నెన్నో జన్మల బంధం’ పాట తెలియని తెలుగువారుండరు. 1975 నాటి ‘పూజ’ చిత్రంలోనిది. దాశరథి కృష్ణమాచార్య రచన, గానం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం. పెళ్ళి వీడియోలకు ఈ పాట కలిపినంతగా మరొకటి కలిపి ఉండరు. రాయచూరులో ఈ పాట మోగితే కన్నడ చుట్టాలు వెంటనే తమ మాటలతో అందుకొంటారు. కారణం, బాణీ ముందుగా వారిది.

1974లో దొరై-భగవాన్ ద్వయం దర్శకత్వంలో ‘ఎరడు కనసు’ అనే చిత్రం వచ్చింది. రాజ్‌కుమార్, కల్పన ముఖ్య పాత్రధారులు; పాటలు చి. ఉదయశంకర్. సంగీతం మైసూరు సోదరులు రాజన్-నాగేంద్ర. ఆ చిత్రాన్నే తెలుగులో ‘పూజ’గా తీసినప్పుడు సంగీత దర్శకులనూ వారినే పిలిచారు. వారు తమ బాణీలలో మంచివాటిని వెంట తెచ్చుకొన్నారు. దాశరథిగారికి వచ్చిన పని, ఒక భాషలో అప్పటికే జనం నోళ్ళలో నానిన బాణీకి మరో భాషలో మాటలు పొదగడం.

ఇది చూపుకు తేలిక, చేతకు కష్టం. అయితే తెలుగు కన్నడాలకు ఒక సదుపాయముంది. రెండు భాషలలోనూ మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. గాయకుడు పంక్తి చివర గొంతు సాగదీయడానికి అచ్చు కావాలి, హల్లుమీద సాగదీయలేడు. హిందీ బాణీని తెలుగులోకి తెచ్చేటప్పుడు పంక్తి చివర తేడా తెలిసిపోతుంది. కన్నడ బాణీలో ఆ బాధ లేదు. పైగా పదజాలం అన్నదమ్ములది. కన్నడంలో మొదటి ‘ప’కారం కాలక్రమాన ‘హ’కారమైంది. మన పాలు వారికి హాలు, మన పువ్వు హూవు, మన పల్లె హళ్ళి, మన పాడు హాడు. సరిహద్దు పిల్లలు ఈ సూత్రాన్ని ఎవరూ చెప్పకుండానే పట్టుకొంటారు. దాశరథిగారు మాత్రం తర్జుమా చేయలేదు. బాణీని ఉంచి భావాన్ని తన దారిలో నడిపించారు. నిజాం పాలనలో చెరసాల అనుభవించిన కవి ఆయన. ఆ రోజులలో రాయచూరు కూడ ఆ పాలన కిందనే ఉండేది.

‘ఎరడు కనసు’లో మరొక పాట విశేషమైనది: ‘ఇందు ఎనగె గోవింద’. ఇది సినిమా కవి వ్రాసినది కాదు. మంత్రాలయ రాఘవేంద్రస్వామి రచనగా సంప్రదాయం అంగీకరించిన కన్నడ కీర్తన. మంత్రాలయం తుంగభద్రకు ఆవలి గట్టున కర్నూలు జిల్లాలో ఉంది. ఈవలి గట్టు రాయచూరు జిల్లా. ఆంధ్రదేశపు గట్టున బృందావనస్థులైన స్వామివారి కన్నడ కీర్తనను, గుంటూరు జిల్లా పల్లపట్లలో పుట్టిన ఎస్. జానకి పాడగా, కన్నడ చిత్రంలో విని ఇరు గట్లవారూ చేతులు జోడించారు. ఈ ఒక్క పాటను పట్టుకొని ఇది ఎవరిదని తేల్చమంటే ఎవరు తేల్చగలరు?

రాజన్-నాగేంద్ర 1977లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘పంతులమ్మ’కూ సంగీతం అందించారు. అందలి పాటలు నేటికీ తెలుగు శ్రోతలకు ప్రీతిపాత్రం. నాగేంద్ర 2000లో, రాజన్ 2020లో మరణించారు. క్యాసెట్ల కాలంలో అట్టలమీద కథానాయకుల బొమ్మలు పెద్దవిగా, సంగీత దర్శకుల పేర్లు చీమ తలకాయలంత, కవుల పేర్లు ఒక్కొక్కప్పుడు అసలు లేకుండానూ ఉండేవి. తెలుగువారిలో చాలమందికి ఆ బాణీలు మైసూరువారివని తెలియకపోవడానికి ఇదే కారణం.

హంపి నీడలో మల్లీశ్వరి

1520లో శ్రీకృష్ణదేవరాయలు ఆదిల్‌షాహీ సైన్యాన్ని ఓడించి రాయచూరు కోటను గెలుచుకొన్నారు. ఆ రాయల కాలపు కథగా బి.ఎన్. రెడ్డి 1951లో వాహినీ సంస్థ తరఫున ‘మల్లీశ్వరి’ నిర్మించారు. బుచ్చిబాబు రచన ‘రాయలవారి కరుణకృత్యం’ ఆ కథకు ఒక ఆధారం. పాటలకూ మాటలకూ దేవులపల్లి కృష్ణశాస్త్రిని ఒప్పించారు. భావకవిగా అప్పటికే పేరు మోసిన ఆయనకు ఇదే తొలి చిత్రం. సాలూరి రాజేశ్వరరావు ఆరు నెలలు శ్రమించి బాణీలు కట్టారని ప్రసిద్ధి. అద్దేపల్లి రామారావు వాద్యగోష్ఠిని సమకూర్చారు. ఘంటసాల, భానుమతి పాడారు. భానుమతి తెరమీద నటించిందీ, తెరవెనుక పాడిందీ తానే.

ఆరు నెలలంటే నేటి లెక్కలో వృథాగా తోచవచ్చు. కాని ఆ పాటలలో ఒక్క వాద్యమూ అనవసరంగా మోగదు. వాన కురిసే వేళ మాట్లాడుకొన్నట్లు, బండి సాగుతుంటే కూనిరాగం తీసినట్లు ఉంటాయి. డెబ్బై ఏండ్లు దాటినా పాతబడలేదంటే ఆ ఆరు నెలల ఓపికే కారణం.

కృష్ణశాస్త్రి జీవితంలోని విషాదం వేరు. 1963లో గొంతు వ్యాధికి శస్త్రచికిత్స జరిగి ఆయన కంఠం శాశ్వతంగా పోయింది. ఉపన్యాసాలకు పేరుపొందిన మనిషి ఆపై కాగితంపై వ్రాసి చూపేవారు. మాట పోయాక కూడ పాట ఆగలేదు. 1980లో ఆయన మరణించిన తరువాత 1982 నాటి ‘మేఘసందేశం’లోనూ ఆయన గేయం వినబడింది.

శంకరాభరణం, మైసూరు ఆస్థానం

కె. విశ్వనాథ్ దర్శకత్వంలో ఏడిద నాగేశ్వరరావు నిర్మించిన ‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. పేరున్న కథానాయకుడు లేడు. డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తూ నాటకాలాడే జె.వి. సోమయాజులు ముఖ్య పాత్రధారి. తొలి రోజులలో హాళ్ళు వెలవెలబోయాయి. తరువాత నోటి మాటగా పాకి, జనం బండ్లు కట్టుకొని వచ్చారు. కర్ణాటకలోనూ ఈ చిత్రాన్ని డబ్బింగు లేకుండా తెలుగులోనే చూశారు.

సంగీత దర్శకులు కె.వి. మహదేవన్ మాతృభాష తమిళం. బాణీకి మాటలు కాక మాటలకు బాణీ కట్టడం ఆయన పద్ధతి. కవి వ్రాసి ఇచ్చిన తరువాతనే హార్మోనియం తీసేవారు. ‘పూజ’లో దాశరథి చేసిన పనికి ఇది సరిగ్గా తలక్రిందులు. వేటూరి సుందరరామ్మూర్తి వ్రాసిన మాటలకు మహదేవన్, ఆయన సహాయకులు పుహళేంది కలిసి స్వరాలు దిద్దారు. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్వని బాలసుబ్రహ్మణ్యం తొలుత వెనుకాడారు. పుహళేంది ఓపికగా నేర్పించి పాడించారు. ఆ పాటలకే బాలుకు తొలి జాతీయ పురస్కారం వచ్చింది. మహదేవన్‌కూ వాణీ జయరాంకూ కూడ అదే చిత్రానికి జాతీయ పురస్కారాలు లభించాయి.

ఆ చిత్రంలోని పాటలన్నీ వేటూరివి కావు. ‘బ్రోచేవారెవరురా’ కృతి ఖమాస్ రాగంలో మైసూరు వాసుదేవాచార్యులు రచించినది. 1865లో పుట్టి 1961 వరకు జీవించిన ఆచార్యులు మైసూరు ఆస్థాన విద్వాంసులు, కన్నడిగులు. వ్రాసింది తెలుగులో. ఎందుకంటే, వారి గురువు పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ త్యాగరాజస్వామి శిష్యపరంపరలోనివారు. ఆ పరంపరలో కృతి అంటే తెలుగు. ఈ బాకీని కన్నడం ముందే తీర్చుకొందని కూడ చెప్పవచ్చు. సంగీతం నేర్చుకొనే ప్రతి తెలుగు పిల్ల మొదట పాడే పిళ్ళారి గీతాలు పురందరదాసులవి. త్యాగయ్యగారు ‘ప్రహ్లాద భక్తి విజయం’లో పురందరదాసులకు నమస్కరించారు. తెలుగువారు తమదని గర్వించే చిత్రంలో మైసూరు కన్నడిగుని తెలుగు కృతిని, తమిళుడైన సంగీత దర్శకుని పర్యవేక్షణలో, వెల్లూరులో పుట్టిన తమిళ గాయని బాలుతో కలిసి పాడింది.

కాకతాళీయమే గాని, విశ్వనాథ్ మరణించింది 2023 ఫిబ్రవరి 2న. చిత్రం విడుదలైన తేదీ అదే. వాణీ జయరాం రెండు రోజుల తరువాత, 4వ తేదీన మరణించారు.

బాలు రెండవ పాట

బాలసుబ్రహ్మణ్యం తొలి పాట 1966 డిసెంబరు 15న నమోదైంది. చిత్రం పద్మనాభం నిర్మించిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’, సంగీతం ఎస్.పి. కోదండపాణి. కలిసి పాడినవారు సుశీల, రఘురామయ్య, మన పి.బి. శ్రీనివాస్! అంటే కన్నడ తెర గొంతుగా స్థిరపడిన వ్యక్తి, ఆ తరువాతి కాలపు గొంతు పక్కన నిలబడి పాడారన్నమాట. ఎనిమిది రోజులకే బాలు రెండవ పాట పాడారు. అది కన్నడం: ఎం. రంగారావు సంగీతంలో 1967 నాటి ‘నక్కరె అదే స్వర్గ’. తెలుగువాడి వృత్తి జీవితంలో రెండో అడుగు కన్నడంలో పడింది. తనకు తొలి అవకాశమిచ్చిన కోదండపాణి పేరునే ఆయన తరువాత తన రికార్డింగు స్టూడియోకు పెట్టుకొన్నారు.

ఆయనకు లభించిన ఆరు జాతీయ పురస్కారాలలో మూడు తెలుగు పాటలకు; హిందీ, తమిళ, కన్నడాలకు తలా ఒకటి. కన్నడ పురస్కారం తెచ్చిన చిత్రం 1995 నాటి ‘సంగీత సాగర గానయోగి పంచాక్షర గవాయి’. గదగులోని వీరేశ్వర పుణ్యాశ్రమం ఈ ప్రాంతంవారికి తెలిసినదే. అంధుడైన పంచాక్షర గవాయి కర్ణాటక, హిందుస్తానీ పద్ధతులు రెండూ నేర్చి, అంధ బాలురకూ పేద పిల్లలకూ ఉచితంగా అన్నం పెట్టి సంగీతం నేర్పారు. ఆయన శిష్యులు, తాము కూడ అంధులైన పుట్టరాజ గవాయి 2010 వరకు ఆ పని సాగించారు. హంసలేఖ సంగీతంలో బాలు పాడిన, పురస్కారం పొందిన పాట హిందుస్తానీ పద్ధతిది, మాటలు హిందీవి. కన్నడ చిత్రంలో హిందీ పాటను తెలుగువాడు పాడి బహుమానం పొందాడు. ఈటీవీ తెలుగులో ‘పాడుతా తీయగా’, కన్నడంలో ‘ఎదె తుంబి హాడువెను’ కార్యక్రమాలలో రెండు భాషల పిల్లలకూ ఉచ్చారణ దిద్దుతూ కనబడిన బాలు 2020 సెప్టెంబరు 25న కన్నుమూశారు.

తెలుగు గొంతు కన్నడ చిత్రాలకు జాతీయ గౌరవం తేవడం అది మొదటిసారి కాదు. జి.వి. అయ్యర్ తీసిన ‘హంసగీతె’కు 1975 సంవత్సరపు ఉత్తమ గాయకుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. పదకొండేండ్ల తరువాత అదే దర్శకుని ‘మధ్వాచార్య’కు ఉత్తమ సంగీత దర్శకుడూ ఆయనే.

దేవదాసు, ఘటోత్కచుడు

‘దేవదాసు’ పాటలు విని కన్నీరు పెట్టినవారికి కూడ ఆ సంగీత దర్శకుడు చిత్రం విడుదల చూడలేదని తెలియదు. సి.ఆర్. సుబ్బురామన్ 1952లో చిన్న వయసులోనే మరణించారు. మిగిలిన పనిని శిష్యులు విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. చిత్రం 1953లో వచ్చింది.

‘మాయాబజార్’ కథ మరికొంచెం చిక్కుముడి. 1957 మార్చి 27న విడుదలైన ఆ చిత్రానికి సంగీతం ఘంటసాలది. నాలుగు పాటల బాణీలు మాత్రం సాలూరి రాజేశ్వరరావు కట్టి, మధ్యలో తప్పుకొన్నారు. ఘటోత్కచుడు వంటకాలు ఆరగించే ‘వివాహ భోజనంబు’ పాట ఆ ఇద్దరికంటె పాతది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజాల రంగస్థలం మీద అది ముందే మోగింది. ఎస్.వి. రంగారావు రూపానికి మాధవపెద్ది సత్యం గొంతునిచ్చారు.

ఆ పాటలోని నవ్వును విన్నవారు ఇంగ్లండులో చార్లెస్ పెన్‌రోజ్ 1922లో పాడిన ‘లాఫింగ్ పోలీస్‌మన్’ రికార్డు కూడ వినాలి. చరణం చివర పగలబడి నవ్వే ఆ పద్ధతిలో చుట్టరికం చెవికి తెలుస్తుంది. గ్రామఫోను పళ్ళేలు ఓడలెక్కి ఊళ్ళు తిరిగిన కాలమది. పెన్‌రోజ్ పాటకూ మూలమొకటుంది. అమెరికాలో బానిసగా పుట్టి విముక్తుడైన జార్జ్ డబ్ల్యు. జాన్సన్ అనే నల్లజాతి గాయకుడు 1890 ప్రాంతంలో ‘లాఫింగ్ సాంగ్’ పాడి పేరు పొందాడు. ఒక్క పాడకంతో ఎక్కువ నకళ్ళు తీసే యంత్రం అప్పటికి లేదు. కొన్ని కొన్ని నకళ్ళకు ఒకసారి చొప్పున, అదే పాటను, అదే నవ్వును రోజంతా మళ్ళీ మళ్ళీ పాడి నవ్వవలసి వచ్చేది. కూలి కూడ పాడినన్ని సార్లకే. సరిహద్దు ఊళ్ళలో పెళ్ళి విందు వేళ మైకు సెట్టువారు ‘వివాహ భోజనంబు’ పెడితే ఇప్పటికీ పంక్తిలో అందరూ నవ్వుతారు. కన్నడ చుట్టాలకూ ఆ పాటకు అర్థం చెప్పే పని పడదు.